పండక్కి కాటేజీ అడుగుతున్నది ఎవరు?

కార్తీకమాసం దీపాలు ఆరకముందే మన ఇళ్ళలో సంక్రాంతి మాటలు మొదలైపోతాయి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు ఇస్తున్నారు. 2024 నవంబరు దాకా అది 120 రోజులుండేది. అంటే జనవరి 12కో 13కో ఇంటికి చేరాలనుకునేవాళ్ళు నవంబరు మధ్యకల్లా తేల్చుకోవాలి. ఎవరెవరు వస్తున్నారు, ఎన్ని రోజులుంటారు, ఎక్కడుంటారు? ఈ మూడో ప్రశ్న కొత్తది. మన చిన్నప్పుడు ఎవరూ అడిగేవారు కాదు. పండగంటే ఊరెళ్ళడమే. ఇప్పుడు ఎవరో ఒకరు ఇంటి వాట్సాప్ గ్రూపులో అరకు కాటేజీ ఫొటోలు పెడుతున్నారు. మూడు రాత్రులు, నాలుగు గదులు, చలిమంట, పొద్దున్నే టిఫిన్, పిల్లలకి ఆటలు, పండగ రోజు అరిటాకులో భోజనం.

మా ఇంట్లోనూ ఈ చర్చ జరిగింది. మగవాళ్ళకి కోపం వచ్చింది. పెద్దపండగ నాడు ఇంటికి తాళం వేసి అరకు పోతారా అన్నారు. ఆడవాళ్ళు పెద్దగా ఏమీ అనలేదు. ఫొటోల కింద బొటనవేలి గుర్తులు పెట్టి ఊరుకున్నారు. చూస్తే, కావాలన్నవాళ్ళంతా ఆడవాళ్ళు, వద్దన్నవాళ్ళంతా మగవాళ్ళు. ఇందులో సంప్రదాయం మీద ఎవరికెంత గౌరవముందో తెలియదు గాని, ఎవరు గిన్నెలు తోముతున్నారో మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పండక్కి పెంకుటింటికే వెళ్ళాలి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్న ఆ పదేళ్ళయినా వెళ్ళాలి. అయితే ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో కాదు. పని తగ్గించుకోవాలి, మిగిలిన పని పంచుకోవాలి, పిల్లల చేతికి కూడా కొంత పని ఇవ్వాలి. ఈ మూడూ కుదరవంటే మాత్రం కాటేజీ అడిగిన ఆడవాళ్ళదే న్యాయం.

పెద్దపండగ మూడు రోజులంటారు. వంటింటి లెక్కలో అది పదిహేను రోజులు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి రోజూ కళ్ళాపి, ముగ్గు. పండగ పది రోజులుందనగా బూజులు దులపడం, అటకమీది ఇత్తడి సామాను దించి చింతపండు పెట్టి తోమడం, దుప్పట్లన్నీ ఉతకడం. అయిదు రోజులుందనగా అరిసెలకి బియ్యం నానెయ్యడం, పిండి పట్టించడం, జల్లించడం. తర్వాత జంతికలు, పొంగడాలు, గవ్వలు, సున్నుండలు. భోగినాడు తెల్లారగట్ట ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు, తలంట్లు. పండగనాడు పెద్దలకి పెట్టుకునే వంట. గారెలు, బూరెలు, పులిహోర, పరమాన్నం, పప్పు, కూరలు. కనుమనాడు మాంసం, మళ్ళీ గారెలు. మధ్యమధ్యలో వచ్చేపోయే చుట్టాలకి ఎన్నిసార్లు టీ పెట్టామో లెక్కే ఉండదు. అందరూ బళ్ళెక్కి వెళ్ళాక మళ్ళీ దుప్పట్లు.

కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే అని ఒకటి చేస్తుంది. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారన్నది లెక్క. 2019 సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెట్టారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! మన పని తేలిక చేసింది మిక్సీలూ మెషీన్లే గాని మనుషులు కాదని నాకు అర్థమైంది. పైగా అది మామూలు రోజుల లెక్క. పండగ పదిహేను రోజులకీ విడిగా లెక్క తీస్తే ఎంత తేలుతుందో మీరే ఊహించుకోండి.

ఇదంతా పెద్దవాళ్ళ గొడవ, పిల్లలకేం సంబంధం అనుకోవద్దు. మా తోడికోడలి కూతురికి ఆరేళ్ళు. కిందటేడు కనుమనాటి సాయంత్రం వాళ్ళమ్మని అడిగింది, "అమ్మా, పండగంటే నీకు ఇష్టం లేదా?" అని. వాళ్ళమ్మ నవ్వి మాట మార్చేసింది. ఆ పిల్లకి భోగిమంట ఎంత ఎత్తు లేచిందో గుర్తుండకపోవచ్చు. పండగ నాడు అమ్మ ఎలా ఉందో గుర్తుండిపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత తన పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళాలా వద్దా అన్నది ఆ పిల్ల ఆ గుర్తుని బట్టే నిర్ణయించుకుంటుంది. సంప్రదాయం పోతోందని బాధపడే పెద్దలు ముందు ఆలోచించవలసింది దీని గురించి.

అలాంటప్పుడు కాటేజీయే నయం కదా అంటారా? అరకు మీద నాకు ఏ కోపమూ లేదు. అద్దాల బోగీలో సొరంగాలు దాటుతూ వెళ్ళడం, బొర్రా గుహలు, కాఫీ తోటలు పిల్లలకి చూపించాల్సినవే. పండగ అయ్యాక ఏ శని ఆదివారమో వెళ్ళండి, చలీ ఉంటుంది, రద్దీ కూడా కాస్త తగ్గుతుంది. పండగ మూడు రోజులూ వద్దనడానికి నా కారణం ఒకటే. కాటేజీలో పిల్లల అవసరం ఎవరికీ ఉండదు. మంట వాళ్ళు వేస్తారు, ముగ్గు వాళ్ళు వేస్తారు, హరిదాసుని వాళ్ళే పిలిపిస్తారు. మన పిల్లలు పక్కన నిలబడి ఫొటో దిగుతారు. స్కూల్లో సెలవులకి ముందు జరిగే సంక్రాంతి సంబరాలు కూడా ఇంతే. థర్మాకోల్ కుండ, రంగుకాగితాల చెరకుగడ, పట్టులంగాలో మనమ్మాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంటికొచ్చాక అందులో తను చేసిందేమిటో చెప్పమంటే చెప్పలేదు.

చిన్నపిల్లలకి పండగ అంటే మనం వివరించే కథలు కాదు. సూర్యుడు మకరరాశిలోకి వెళ్ళడం అయిదేళ్ళ వాడికి ఏం అర్థమవుతుంది? ప్రతి ఏడూ అదే గుమ్మం, అదే మనిషి, అదే పని. పోయినేడు అందని కొక్కెం ఈ ఏడు అందుతుంది. పోయినేడు అమ్మ చెయ్యి పట్టుకుని పెట్టించిన చుక్క ఈ ఏడు తనే పెడుతుంది. తను పెరిగానని పిల్లకి తెలిసేది అక్కడ. గది మారిపోతూ, ఊరు మారిపోతూ ఉంటే ఆ కొలత దొరకదు.

మా అచ్యుతాపురం వైపు ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఒకప్పుడు ఇక్కడ పండగని ఎవరూ పనిగట్టుకుని నిలబెట్టాల్సిన అవసరం లేదు. కళ్ళంలో ధాన్యం, పాకలో ఆవులు, అనకాపల్లి వైపు చెరకు గానుగలు, బెల్లం పొయ్యిలు. పిల్లలు ఊరికే తిరిగినా పండగే తగిలేది. 2000 తర్వాత అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో వేల ఎకరాలు ప్రత్యేక ఆర్థిక మండలికి పోయాయి. పొలాలున్న చోట ప్రహరీలు లేచాయి. కొన్ని ఊళ్ళకి ఊళ్ళే పునరావాస కాలనీలకి కదిలాయి. అంతకుముందు గాజువాక వైపు ఉక్కు ఫ్యాక్టరీ కట్టినప్పుడు కూడా అలాగే ఊళ్ళు కదిలాయి. మంచి జరగలేదని నేననను. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీకి వేలమంది ఆడవాళ్ళు రోజూ బస్సుల్లో వచ్చి సొంత జీతం తెచ్చుకుంటున్నారు. మా అత్తగారి కాలంలో ఆడమనిషి చేతికి నెలనెలా డబ్బు రావడమన్నదే లేదు.

అయితే పొలం పోయాక పండగ దానంతటది రావడం మానేసింది. ఇప్పుడు పేడ కావాలంటే ముందుగా చెప్పి ఉంచుకోవాలి. భోగి పిడకలు ఆన్‌లైన్‌లో ప్యాకెట్లుగా అమ్ముతున్నారు. హరిదాసు ఒక ఏడు వస్తాడు, ఒక ఏడు రాడు. వచ్చినా మోటార్ సైకిల్ మీద స్పీకర్ పెట్టుకుని వస్తాడు, పాపం ఆయనకీ ఊళ్ళు దూరమయ్యాయి మరి. కాబట్టి ఇదివరకులా అన్నీ జరగాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. అన్నీ జరగడానికి అప్పుడు ఊరంతా చెయ్యి వేసేది. ఇప్పుడు ఆ ఊరి పనంతా ఇద్దరు కోడళ్ళ మీద పడుతోంది. ఏది ఉంచుకోవాలో, ఏది వదిలెయ్యాలో మనమే ఎంచుకోవాలి.

నేనైతే ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకుని ఎంచుతాను. ఇందులో పిల్లలు చెయ్యగలిగిన పని ఏమైనా ఉందా? ఉంటే ఉంచాలి. లేకపోతే, ఎవరికైనా సరదా ఉంటే వాళ్ళు చేసుకోవచ్చు, బలవంతం లేదు.

అలా చూస్తే మొదట మిగిలేది భోగి పిడకలు. మూడేళ్ళ పిల్లలు కూడా చెయ్యగలరు. చిన్న ముద్ద, మధ్యలో వేలితో చిల్లు. ధనుర్మాసంలో గుమ్మం ముందు పెట్టిన గొబ్బెమ్మల్నే పిడకలు చేసి ఎండబెట్టుకోవచ్చు. సెలవులిచ్చాక గాని ఊరికి రాలేనివాళ్ళ కోసం ఊళ్ళో ఉన్నవాళ్ళు పిడకలు చేసి ఉంచితే, దండ గుచ్చే పని ఆ పిల్లలకి వదలొచ్చు. ఎవరి దండ వాళ్ళు మంటలో వేస్తారు. ఆ మంటలో పాత ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రంగులేసిన చెక్కలు వెయ్యకండి. పసిపిల్లల ఊపిరితిత్తులకి ఆ పొగ మంచిది కాదు. మంట దగ్గరికి నైలాను, పాలియెస్టరు లంగాలు వద్దు, నూలు బట్టలే వెయ్యండి. తెల్లవారుజామున నాలుగింటికి పసివాణ్ణి లేపి తీరాలని కూడా ఏమీ లేదు. ఆరింటికి లేచినా నిప్పులు వెచ్చగానే ఉంటాయి, దండ అప్పుడే వేయించొచ్చు.

రెండోది ముగ్గు. ఇరవై ఒక్క చుక్కల పోటీ ముగ్గు వీధిలో వాళ్ళ కోసం. పిల్లల కోసం గుమ్మానికి ఒక పక్కన మూరెడు చోటు వదలండి. అయిదు చుక్కలు, అయిదు వరసలు, వంకరపోయినా చెరపకూడదు. చిన్నవాళ్ళ చేతికి బియ్యప్పిండే ఇవ్వండి. బజారు ముగ్గుపిండి, రంగులు కళ్ళలో పడితే మంట. బియ్యప్పిండయితే చీమలొస్తాయి, పిచ్చుకలొస్తాయి, పిల్లలకి అదో ఆనందం. మగపిల్లలకి కూడా ముగ్గు నేర్పాలి. చుక్కల లెక్క నేర్చుకోవడానికి ఆడా మగా తేడా ఎందుకు?

మూడోది పిండివంట. ఒక్కటంటే ఒక్కటి. మా ఇంట్లో అది అరిసెలు. జంతికలు, గవ్వలు, సున్నుండలు కొనుక్కోవచ్చు. ఊళ్ళో చేసి అమ్ముకునే ఆడవాళ్ళున్నారు, వాళ్ళకీ పండగ ఖర్చు వస్తుంది. అరిసెలు ఎందుకంటే అందులో అందరికీ పనుంది. పాకం కుదిరిందో లేదో చూడ్డానికి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి చుక్క వేస్తాం కదా, ఆ చల్లారిన చుక్కని వేలితో ఉండ కట్టి చూసే పని పిల్లలది. ఉండ కట్టిందా లేదా చెప్పే అధికారం ఏడేళ్ళ పిల్లకి ఇచ్చి చూడండి, పొయ్యి దగ్గర మనం కాదు, తనే పెద్ద! పిండి కలియతిప్పడానికి కండ కావాలి, అది బావగార్లది, మరుదులది. నూనె దగ్గర ఒకరు, చెక్కలతో నొక్కడానికి ఇంకొకరు. బెల్లం మాత్రం మన అనకాపల్లిదే, తెల్లగా మెరిసేది కాకుండా నల్లగా ఉన్నది చూసి తెచ్చుకోండి.

నాలుగోది పెద్దలకి బట్టలు పెట్టుకోవడం. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్దపండగ అనడం ఊరికే కాదు. పోయిన పెద్దలకి కొత్త బట్టలు, వండినవన్నీ పెట్టి, ఆ తర్వాత మనం తినేది, కట్టుకునేది. ఇక్కడ పిల్లలకి నేను చెప్పే పని పేర్లు చదవడం. ఒక నోటుబుక్కులో పెద్దల పేర్లు రాసి పెట్టి, చదవడం వచ్చిన పిల్ల చేత పైకి చదివించాలి. ఆ పుస్తకం రాయడం మొదలుపెడితే ఒక సంగతి బయటపడుతుంది. తాతల పేర్లు మూడు తరాల దాకా వస్తాయి, మామ్మల పేర్లు రెండో తరానికే ఆగిపోతాయి. "ఆవిడని అందరూ చినకోడలనేవారు" అంటారు గాని పేరు చెప్పేవాళ్ళుండరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఈ ఒక్క పనికోసమైనా ఊరెళ్ళాలంటాను.

అయిదోది భోగిపళ్ళు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

అయిదేళ్ళలోపు పిల్లలకి భోగినాటి సాయంత్రం రేగిపళ్ళు, బంతిపూల రేకులు, చెరకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర నాణేలు కలిపి తలమీంచి పోస్తాం. కిందపడ్డవి ఏరుకోవడానికి మిగతా పిల్లలు సిద్ధంగా ఉంటారు. నోట్లో పెట్టుకునే వయసు పసివాళ్ళుంటే రేగిపళ్ళు, శనగలు, నాణేలు వాళ్ళ చేతికి దొరక్కుండా చూసుకోవాలి, గొంతుకి అడ్డం పడతాయి. పసివాళ్ళకి పూలరేకులు చాలు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పదలుచుకున్నది పోసేవాళ్ళ గురించి. ముత్తయిదువల్ని పేరంటానికి పిలిచి పోయిస్తాం. మావయ్యగారు పోయిన ఏడాది, భోగిపళ్ళు పోసే వేళకి మా అత్తయ్య వెనక గదిలోకి వెళ్ళిపోయారు. ఎవరూ వెళ్ళమనలేదు. ఎవరూ ఆపకపోతే అలాగే జరిగిపోయేది. మా వాడికప్పుడు మూడేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి వాడికి నీళ్ళు పోసింది, గోరుముద్దలు పెట్టింది ఆవిడే. మామ్మ వస్తేగాని పీట మీద కూర్చోనన్నాడు.

నేను వెళ్ళి పిలిచాను. "నానెందుకమ్మా, నువ్వెళ్ళి పొయ్యి. నలుగురూ ఉన్నారు, ఏటనుకుంటారు?" అన్నారు. మీరు దీవించని పండగ వాడికెందుకు అత్తయ్యా అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి దోసిలితో పోశారు. పేరంటానికి వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్న మాట నిజమే. ఒక పెద్దావిడ మాత్రం, ఆవిడా భర్త పోయినావిడే, వీధి అరుగు మీంచి లేచి వచ్చి నేనూ పోస్తానంది. ఆ తర్వాత ప్రతి ఏడూ మా ఇంట్లో మొదటి దోసిలి అత్తయ్యదే. మా పిల్లలకి ఇదే సంప్రదాయం. ఇంకోలా ఉంటుందని వాళ్ళకి తెలియదు. తెలియకుండానే పెరగనివ్వండి.

సంప్రదాయాన్ని మార్చకూడదు అనేవాళ్ళకి నా జవాబు ఇదే. మనం మార్చడం లేదనుకుంటూనే ఎన్నో మార్చేశాం. మడి పోయింది, రోలు పోయింది, పేడ అలికే నేల పోయి టైల్స్ వచ్చాయి. మగవాళ్ళకి ఇబ్బంది కలిగించేవి ఒక్కొక్కటే చప్పుడు లేకుండా పోయాయి. ఆడవాళ్ళని కష్టపెట్టేవి, నొప్పించేవి తీసేద్దాం అనేసరికి మాత్రం ఆచారం గుర్తొస్తుంది.

కనుమనాడు కాకైనా కదలదంటారు. ఆ సామెతని మనం బాగా వాడుకోవచ్చు. ఆ రోజు ఎవర్నీ బయల్దేరనివ్వకండి. పిల్లల చేత రథం ముగ్గు వేయించి, దాని తాడు పక్కింటి గుమ్మం దాకా లాగించండి. వీధిలో ఒక రథం తాడు ఇంకో రథానికి కలవాలన్నది పద్ధతి. మా వీధిలో పక్కవాటాల్లో ఇప్పుడు ఒడిశా నుంచి, బీహార్ నుంచి ఫ్యాక్టరీ పనులకి వచ్చినవాళ్ళు అద్దెకుంటున్నారు. కిందటేడు పిల్లలు ఆ గుమ్మాల దాకా తాడు లాగేశారు. అరిసెలు పట్టుకెళితే ఒడిశా అమ్మాయి చూసి నవ్వింది. వాళ్ళ దగ్గర దీన్ని ఆరిసా పిఠా అంటారట, అచ్చం ఇదే బెల్లం, ఇదే బియ్యప్పిండి. తమిళులకి అదిరసం, కన్నడిగులకి కజ్జాయం. బీహార్ వాళ్ళయితే అదే పండక్కి అటుకులు, పెరుగు, నువ్వుల మిఠాయి తింటారు. సొంత ఊరికి వెళ్ళడానికి సెలవు చాలని ఆ కుటుంబాలకి మన వీధిలో పండగ దొరికింది. పిల్లలకి నేను వేరే సాంఘిక శాస్త్రం చెప్పనక్కర్లేకపోయింది.

ముక్కనుమ పొద్దున్న మేం పిల్లల్ని కొండకర్ల ఆవకి తీసుకెళతాం. రెండు తాటి మొద్దులు తొలిచి జతగా కట్టిన దోనెలు, మంచులో తామరాకులు, చలికాలం వలస వచ్చిన పక్షులు. యలమంచిలి మీంచి తిరిగి వెళ్ళేవాళ్ళయితే ఏటికొప్పాకలో ఆగి తలా ఒక లక్కబొమ్మ కొనిపెట్టండి. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏడాదికొక బొమ్మ చొప్పున కూడబెడితే పిల్లకి పదేళ్ళు వచ్చేసరికి తన చేత్తో తను కొనుక్కున్న బొమ్మల కొలువు తయారవుతుంది. పండగ తర్వాత మన పల్లెల్లో జరిగే తీర్థాలు సరేసరి, రంగులరాట్నం ఎక్కకుండా పిల్లల్ని ఊరు దాటించడం ఎవరి తరం?

పెంకుటింటితో ఇబ్బందులు లేవని నేనను. పదిహేనుమందికి ఒక బాత్రూము, దోమలు, రాత్రి చలికి పసివాడి దగ్గు. ఉమ్మడి డబ్బుల్లోంచి కాటేజీకి పెడదామనుకున్నది పెట్టి ఇంకో బాత్రూము కట్టించుకుంటే పదేళ్ళు పనికొస్తుంది, కిటికీలకి దోమల వల కూడా వస్తుంది. గిన్నెలు తోమడానికి ఆ నాలుగు రోజులూ మనిషిని పెట్టుకుని, పండగ జీతం రెట్టింపు ఇవ్వొచ్చు. వాళ్ళింట్లోనూ పండగే కాబట్టి ఒక్క పూటే రమ్మనాలి, రెండో పూట మనింటి మగవాళ్ళు తోముకోవాలి. ఒకటి రెండు రోజులే సెలవు దొరికే ఆడవాళ్ళకి అయిదు పనులు కూడా ఎక్కువే. వాళ్ళు రెండు ఎంచుకుంటే చాలు, ఒక దండ, ఒక దోసిలి. ఊళ్ళో ఇల్లే మిగలనివాళ్ళు, పునరావాస కాలనీలో రెండు గదుల్లో ఉన్నవాళ్ళు కూడా ఇవన్నీ చెయ్యొచ్చు. పెంకులు ముఖ్యం కాదు. ప్రతి ఏడూ అదే గుమ్మం కావడం ముఖ్యం.

ఇక మగవాళ్ళకి పని చెప్పడం. "సాయం చేస్తాం" అంటారు, ఆ మాట దగ్గరే ఆపండి. సాయం చేసేవాడికి పని ఎప్పుడు, ఏది, ఎలా అన్నది మళ్ళీ మనమే చెప్పాలి. ఆ చెప్పడం కూడా పనే. అలా కాకుండా మొత్తం పనిని పేరు మీద రాసి అప్పగించాలి. వేణ్ణీళ్ళ కాగు ఒకరిది, కట్టెలు తేవడం దగ్గర్నుంచి చివరి పిల్లకి తలంటు అయ్యే దాకా. మాంసం ఒకరిది, కొనడం, కడగడం, వండడం, ఆ గిన్నెలు తోమడం అన్నీ కలిపి. దుప్పట్లు ఒకరివి, పండగకి ముందూ వెనకా. మా ఇంట్లో ఈ పద్ధతి కనుమ మాంసంతో మొదలైంది. మొదటేడు ఉప్పు ఎక్కువైంది, అందరూ తిన్నారు, ఎవరూ పోలేదు.

కాబట్టి అమ్మలూ, అక్కలూ, టికెట్లు తీసేముందు ఒక కాగితం మీద మీ ఇంటి పండగ పనులన్నీ రాయండి. పిల్లలకి చోటులేనివి కొట్టెయ్యండి. మిగిలినవాటి పక్కన పేర్లు రాయండి, చిన్నవాళ్ళ పేర్లు కూడా. ఆ కాగితానికి అందరూ ఒప్పుకుంటే ఊరికి టికెట్లు తీయండి, ఒప్పుకోకపోతే మొహమాటపడకుండా కాటేజీకి తీయండి. అరిసెల బియ్యం దగ్గర మాత్రం తప్పకుండా ఒక మగవాడి పేరు రాయండి. కొత్త బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. అంతకుమించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.